పెదనాన్న ఆఫీసుకి ఏ లినక్స్? ఇయాన్ మర్డాక్ కథ

పోయిన దసరా సెలవులకి ఇంటికెళ్తే పెదనాన్న ఒక పని అప్పజెప్పారు. ఆయన దస్తావేజులు రాస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా చిన్న గది, రెండు పాత కంప్యూటర్లు, ఒక ప్రింటర్. అక్టోబర్ 14 నుంచి విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని ఎవరో చెప్పారట. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఆయన మెషీన్లలో అది లేదు. రెండు కొత్తవి కొనే పరిస్థితీ లేదు. కంప్యూటర్ సైన్సే కదా చదువుతున్నావు, ఏదో ఒకటి చూడరా అన్నారు.

నేను చూశాను. చూడటం కాదు, షో చేశాను. హాస్టల్‌లో నా ల్యాప్‌టాప్‌లో వాడే డిస్ట్రోనే రెండింట్లోనూ వేసేశాను. పేరు అనవసరం. చాలా స్టైల్‌గా ఉంటుంది, రోజూ కొత్త వెర్షన్లు వస్తుంటాయి. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. అప్‌డేట్ నొక్కితే స్క్రీన్ నల్లగా అయిపోయిందట, రెండో దాంట్లో ప్రింటర్ పలకట్లేదట. బయట బెంచీ మీద ఊరి నుంచి వచ్చిన పార్టీ కూర్చుని ఉంది, మధ్యాహ్నానికి వాళ్ళ స్లాట్. నేను ఫోన్‌లో కమాండ్లు చెప్తూ పోయాను, ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు. చివరికి స్లాట్ పోయింది. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఆ రాత్రి నుంచి బుద్ధిగా చదవడం మొదలుపెట్టాను. కొత్తవాళ్ళకి ఏ లినక్స్ మంచిది, ఆఫీసు పనికి ఏది నిలుస్తుంది అని. ఉబుంటు, మింట్, జోరిన్, ఎంఎక్స్... ఏ పేరు పట్టుకుని వెనక్కి వెళ్ళినా దారి డెబియన్ దగ్గరికే తీసుకెళ్ళింది. డెబియన్ నుంచి ఒక మనిషి దగ్గరికి. ఆయన పేరు ఇయాన్ మర్డాక్. ఇక్కడ ఆయన్ని అతను అనే రాస్తాను, తప్పుగా అనుకోకండి. అసలు కథ మొదలయ్యేటప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద, అంతే.

పురుగుల ప్రొఫెసర్ గారి అబ్బాయి

ఇయాన్ 1973 ఏప్రిల్ 28న అప్పటి పశ్చిమ జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికన్లు. పెరిగిందంతా అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, పర్డ్యూ యూనివర్సిటీ ఉన్న లఫయెట్ ప్రాంతంలో. నాన్న లారీ మర్డాక్ పర్డ్యూలో కీటక శాస్త్రం ప్రొఫెసర్. ఆయన గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆఫ్రికాలోని కామెరూన్ రైతులు బొబ్బర్లు దాచుకుంటే పురుగు పట్టి పాడైపోయేవి. పురుగుమందు లేకుండా, గాలి చొరబడని మూడు పొరల సంచిలో గింజలు దాచుకునే పద్ధతిని తయారుచేసింది ఆయన బృందమే. ఆ సంచులు ఇవాళ చాలా ఆఫ్రికా దేశాల్లో వాడుతున్నారు. మన ఇళ్ళల్లో కందులకి బూడిదో వేపాకో కలిపి పెట్టే అమ్మమ్మలకి ఈ సమస్య కొత్తగా చెప్పక్కర్లేదు.

నాన్న గింజలకి సంచి కుట్టాడు, కొడుకు సాఫ్ట్‌వేర్‌కి కుట్టాడు అని నాకు అనిపించింది. కాస్త అతిగా ఉంటే వదిలేయండి.

ఇయాన్ చేతికి మొదట దొరికిన కంప్యూటర్ నాన్న ల్యాబ్‌లోని ఆపిల్ టూ. చిన్నప్పుడే దాని మీద ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. 1991లో హైస్కూల్ పూర్తి చేసి పర్డ్యూలోనే చేరాడు. అక్కడ యూనిక్స్ పరిచయమైంది. ఆ తర్వాత లినక్స్.

అప్పట్లో లినక్స్ అంటే

ఇప్పుడు మనం పెన్ డ్రైవ్ పెట్టి, నాలుగు నెక్స్ట్‌లు కొట్టి, టీ తాగి వచ్చేసరికి లినక్స్ రెడీగా ఉంటుంది. 1993లో అలా కాదు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసింది కెర్నల్ మాత్రమే. కెర్నల్ ఒక్కటే ఉంటే ఇంజన్ ఉండి బండి లేనట్టు. దానికి షెల్ కావాలి, కంపైలర్ కావాలి, ఎడిటర్ కావాలి, ఇవన్నీ ఒకదానితో ఒకటి కుదరాలి. అలా అన్నీ కలిపి కట్టిన మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటాం.

అప్పట్లో బాగా నడిచిన మూట ఎస్ఎల్ఎస్. పీటర్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన 1992లో మొదలుపెట్టారు. పదుల కొద్దీ ఫ్లాపీ డిస్కుల కట్ట అది. లినక్స్‌ని చాలామంది ఇళ్ళకి చేర్చింది అదే, ఆ గొప్ప దానికి ఇవ్వాల్సిందే. కానీ బగ్గులు ఎక్కువ. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. ఒక్కరే అంతా చూసుకోవడం అయ్యే పని కాదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1993 వేసవిలో ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు ఇదే ఎస్ఎల్ఎస్‌తో విసిగిపోయారు. ఒకతను ప్యాట్రిక్ వోల్కర్డింగ్. ఉన్నదాన్నే శుభ్రం చేసి జూలైలో స్లాక్‌వేర్ విడుదల చేశాడు. రెండో అతను మన ఇయాన్. ఇతను కూడా మొదట ఎస్ఎల్ఎస్‌ని బాగుచేయడానికే కూర్చున్నాడు. మార్చి మార్చి, దీనికంటే మొదట్నుంచి కట్టుకోవడమే తేలిక అనుకున్నాడు. 1993 ఆగస్ట్ 16న యూజ్‌నెట్‌లో ఒక ప్రకటన పెట్టాడు, డెబియన్ అనే కొత్త లినక్స్ రాబోతోందని. అప్పటి గర్ల్‌ఫ్రెండ్ డెబ్రా పేరులో మొదటి భాగం, తన పేరు ఇయాన్, రెండూ కలిపితే డెబియన్. తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. చాలా ఏళ్ళకి విడిపోయారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గర్ల్‌ఫ్రెండ్ పేరు మీద ప్రాజెక్ట్ పెట్టడం మన హాస్టల్‌లో కూడా జరుగుతుంది. ముప్పై ఏళ్ళకి పైగా నడిచే ప్రాజెక్ట్ పెట్టడం మాత్రం ఇంకా చూడలేదు.

మూట కట్టడం కూడా పనే

1994 జనవరిలో వచ్చిన డెబియన్ 0.91తో పాటు ఇయాన్ ఒక మ్యానిఫెస్టో రాసి పెట్టాడు. నేను చదివాను, చాలా చిన్నది. అందులో అతను చెప్పింది నా మాటల్లో ఇదీ. అందరూ కెర్నల్ గురించీ కొత్త ప్రోగ్రాముల గురించీ మాట్లాడతారు గానీ వాటిని మూటగట్టే పనిని ఎవరూ లెక్కచేయరు. చూడ్డానికి మెరుపు ఉండదు, చేస్తే పేరు రాదు. కానీ కొత్తగా వచ్చినవాడు లినక్స్‌ని వాడతాడా పారిపోతాడా అనేది తేల్చేది ఈ పనే. కొందరు వ్యాపారులు ఉన్నవీ లేనివీ చెప్పి, సరిగ్గా పనిచేయని మూటలు అమ్ముకుంటున్నారు. కొన్నవాడు ఇబ్బందిపడితే లినక్స్ మొత్తానికే చెడ్డపేరు. కాబట్టి కెర్నల్‌ని ఎలాగైతే అందరూ కలిసి రాస్తున్నారో, డిస్ట్రిబ్యూషన్‌ని కూడా అలాగే బహిరంగంగా, నలుగురూ కలిసి కట్టాలి.

బెంచీ మీద కూర్చున్న ఆ పార్టీ అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను ఎంచుకున్న డిస్ట్రోలో ఫీచర్లకి లోటు లేదు. మూట సంగతే నేను ఆలోచించలేదు.

ఇయాన్ చేసిన రెండో పని ప్యాకేజీ. ఒక్కో ప్రోగ్రామ్‌ని ఒక్కో ప్యాకేజీగా విడగొట్టి, దాన్ని చూసుకునే బాధ్యత ఒక్కొక్కరికి అప్పగించే పద్ధతి. ఈ ప్యాకేజీ పనిచేయాలంటే ముందు ఏది ఉండాలి, దేనితో గొడవపడుతుంది అన్న వివరం కూడా దానిలోనే ఉంటుంది. ఆ ప్యాకేజీలని ఎక్కించి దించే డీప్యాకేజ్ అనే ప్రోగ్రామ్ మొదటి రూపాన్ని అతనే షెల్ స్క్రిప్ట్‌గా రాశాడు. తర్వాత దాన్ని పెర్ల్‌లో రాశారు, ఆ పైన ఇయాన్ జాక్సన్ అనే ఇంకో ఇయాన్ సీ భాషలో తిరగరాశాడు. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చి చేరింది. మనం టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టిన ప్రతిసారీ ఆ పాత పనికి పైన కట్టిన అంతస్తులోనే నిలబడి ఉంటాం. ఇవాళ డెబియన్‌లో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి.

1994 నవంబర్ నుంచి ఒక ఏడాది పాటు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ ప్రాజెక్టుకి డబ్బు సాయం చేసింది. 1996 మార్చిలో ఇయాన్ నాయకత్వాన్ని బ్రూస్ పెరెన్స్‌కి అప్పగించి పక్కకి జరిగాడు. అదే ఏడాది పర్డ్యూ నుంచి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ వచ్చింది. అంటే డెబియన్ మొత్తం అతని బీటెక్ టైమ్‌లో జరిగిందన్నమాట. మనకి మినీ ప్రాజెక్ట్ రిపోర్టే టైమ్‌కి అవదు.

నాకు బాగా నచ్చింది ఆ వదిలేయడమే. తన పేరు సగం ఉన్న ప్రాజెక్టుని 22 ఏళ్ళకి ఇంకొకరి చేతిలో పెట్టాడు. అతను లేకుండా అది ఆగలేదు, ఇంకా పెరిగింది. 1997లో డెబియన్ వాళ్ళు వాడేవాళ్ళకి ఒక సామాజిక ఒప్పందం రాసిచ్చారు. అందులో ముఖ్యమైన మాట ఒకటుంది, మా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపాలని మీ దగ్గర దాచం అని. పెదనాన్న దస్తావేజుల్లో కూడా అమ్మేవాళ్ళు ఇలాంటి హామీయే రాసిస్తారు, ఈ ఆస్తి మీద వేరే తాకట్టులు, తగాదాలు లేవని. సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి కాగితం ఉంటుందని చెబితే ఆయన నవ్వారు.

ఆఫీసుల కోసం పడిన పాట్లు

ఇక్కడి నుంచి కథ నా ప్రశ్నకి దగ్గరగా వస్తుంది. డెబియన్ గట్టిది, కానీ మొదట్లో ఇన్‌స్టాల్ చేయడం కొత్తవాళ్ళకి నరకం. ఇది ఇయాన్‌కి తెలుసు. అరిజోనా యూనివర్సిటీలో కొంతకాలం పనిచేశాక, అక్కడి ప్రొఫెసర్ జాన్ హార్ట్‌మన్‌తో కలిసి ఇండియానాపొలిస్‌లో ప్రోజెనీ అనే కంపెనీ పెట్టాడు. మొదటి ఆలోచన ఒక ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ కలిపి ఒకటే మెషీన్‌లా వాడుకునేలా చేయడం. తర్వాత 2001లో ప్రోజెనీ డెబియన్ విడుదల చేశారు. డెబియన్‌నే తీసుకుని, బొమ్మల ఇన్‌స్టాలర్ పెట్టి, మెషీన్‌లో ఏ కార్డు ఉందో తనంతట తనే కనుక్కునే డిస్కవర్ అనే టూల్ చేర్చారు. సరిగ్గా అప్పుడే డాట్‌కామ్ కంపెనీలు కూలిపోతున్నాయి, డబ్బులు పెట్టేవాళ్ళు లేరు. అదే ఏడాది ఆ డిస్ట్రోని ఆపేశారు. కంపెనీ ఇంకొన్నాళ్ళు వేరే పనులతో నడిచి 2007లో మూతపడింది. డిస్కవర్ మాత్రం పోలేదు. తర్వాత వచ్చిన డెబియన్ కొత్త ఇన్‌స్టాలర్ దాన్ని వాడుకుంది.

ఇయాన్ చేయబోయి చేయలేకపోయింది ఇంకొకరు చేశారు. 2004 అక్టోబర్‌లో మార్క్ షటిల్‌వర్త్ అనే దక్షిణాఫ్రికా వ్యాపారి, ఒకప్పుడు డెబియన్ డెవలపరే, డెబియన్ మీద ఉబుంటు కట్టి ఆరు నెలలకొక వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. జనం ఎగబడ్డారు. మరి ఇయాన్ సంతోషించాడా? పూర్తిగా కాదు. ఉబుంటు ప్యాకేజీలు డెబియన్‌తో కుదరకుండా దూరం జరుగుతున్నాయని 2005లో బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. ఇలా ఎవరికి వాళ్ళు వేరుపడితే ఒకరి కోసం చేసిన ప్రోగ్రామ్ ఇంకొకరి దగ్గర నడవదని అతని భయం. డెబియన్ మీద ఆధారపడ్డ కంపెనీలని ఒక గొడుగు కిందికి తేవాలని ఒక కూటమి కూడా కట్టాడు, అది నిలబడలేదు.

ఈ విషయంలో ఎవరు రైటో నేను తేల్చలేను. ఉబుంటు లేకపోతే మన సీనియర్లలో సగంమందికి లినక్స్ తెలిసేదే కాదు. కానీ ఒక డిస్ట్రో కోసం చేసిన ప్యాకేజీ ఇంకో దాంట్లో ఎక్కించబోయి డిపెండెన్సీ ఎర్రర్లలో రాత్రంతా గడిపినవాళ్ళకి ఇయాన్ బాధ అర్థమవుతుంది.

2006లో ఫ్రీ స్టాండర్డ్స్ గ్రూప్‌లో టెక్నాలజీ అధిపతిగా చేరి, అన్ని లినక్స్‌లకీ ఉమ్మడి ప్రమాణం కోసం పనిచేశాడు. అది లినక్స్ ఫౌండేషన్‌లో కలిసింది. 2007 మార్చిలో సన్ మైక్రోసిస్టమ్స్ పిలిచింది. వాళ్ళ సోలారిస్ చాలా గట్టిది, కానీ కొత్తవాళ్ళు దగ్గరికి రావట్లేదు. లినక్స్ అలవాటున్నవాళ్ళు కూడా సులువుగా వాడేలా దాన్ని మార్చే పని ఇయాన్‌కి ఇచ్చారు. ఆ ప్రాజెక్టుకి తను పెరిగిన రాష్ట్రం పేరు, ఇండియానా. 2008 మే నెలలో ఓపెన్ సోలారిస్ వచ్చింది, సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూసుకునే వీలుతో. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఇయాన్ బయటికి వచ్చేశాడు, ఓపెన్ సోలారిస్ కూడా ఆగిపోయింది.

మళ్ళీ ఇండియానాపొలిస్‌కి వచ్చి 2011లో ఎగ్జాక్ట్ టార్గెట్ కంపెనీలో చేరాడు. 2015 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డాకర్‌కి మారాడు. డాకర్ చేసేది కూడా మూటకట్టే పనే. ప్రోగ్రామ్‌తో పాటు దానికి కావలసినవన్నీ కలిపి ఎక్కడికైనా పంపగలిగేలా. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వచ్చాడు.

రెండు నెలలు తిరక్కుండానే, 2015 డిసెంబర్ 28న, శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. 42 ఏళ్ళు. ఆత్మహత్య అని అక్కడి వైద్యాధికారి తర్వాత తేల్చారు. ఆ చివరి రోజుల గురించి నెట్‌లో చాలా రాతలు ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా మనసు బాగోకపోతే రూమ్మేట్‌ని లేపండి, రాత్రి రెండైనా సరే. లేపినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

2017 జూన్‌లో వచ్చిన డెబియన్ 9ని ఇయాన్‌కి అంకితం ఇచ్చారు.

మన దాకా ఎలా వచ్చింది

ఇది ఎక్కడో ఇండియానా కథ, మనకేంటి అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ డెబియన్ మీద కట్టిందే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ చేసినప్పుడు కూడా పునాది డెబియనే. 2023లో డెబియన్ వాళ్ళ ప్రపంచ సదస్సు కేరళలోని కొచ్చిలో జరిగింది.

ఇక పెదనాన్న ఆఫీసు సంగతి. రెండోసారి వెళ్ళినప్పుడు ముందు ఒక రోజంతా ఊరికే కూర్చుని ఆయన ఏం చేస్తారో చూశాను. ఆయనకి కావలసినవి నాలుగే. తెలుగులో టైప్ చేయడం, ప్రింట్ తీయడం, బ్రౌజర్‌లో ప్రభుత్వ సైట్లు తెరవడం, లెక్కల షీటు. అన్నిటికంటే ముఖ్యం, నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండటం.

అందుకని ఒక మెషీన్‌లో లినక్స్ మింట్ వేశాను. మింట్ ఉబుంటు మీద, ఉబుంటు డెబియన్ మీద. నేను వేసిన 22వ శ్రేణికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మెనూ కింద ఎడమవైపు, ఆయన కళ్ళు వెతికే చోటే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్ డ్రైవ్ నుంచి నడిపి, ఆయన ప్రింటర్‌లో ఒక పేజీ తీసి చూశాను. పోయినసారి చేయనిది ఇదే. టైమ్‌షిఫ్ట్ పెట్టాను, ఏదైనా అప్‌డేట్ చెడగొడితే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళొచ్చు. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ కీబోర్డులు ఉన్నాయి. ఆపిల్‌లో కొన్ని కీలు ఆయన అలవాటుకి తేడా వచ్చాయి, వారం రోజుల్లో వేళ్ళు సర్దుకున్నాయి.

రెండో మెషీన్‌లో మాత్రం పాత సిస్టమ్‌నే మళ్ళీ వేసి, ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఎందుకంటే ఇరవై ఏళ్ళ పాత దస్తావేజులన్నీ యూనికోడ్ రాకముందు ఫాంట్లలో ఉన్నాయి. వాటిని లినక్స్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తాయి. అన్నీ లినక్స్‌లోకి రావాలని పట్టుబడితే మళ్ళీ మొదటి తప్పే చేసినవాణ్ణి అవుతాను. మీ ఇంట్లో ట్యాలీ మీద నడిచే షాపు ఉన్నా, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే ఆఫీసు ఉన్నా, అది పనిచేస్తుందో లేదో ముందు తేల్చుకుని ఆ తర్వాతే మార్చండి.

మూడు నెలలైంది. పెదనాన్న నుంచి కంప్యూటర్ గురించి ఒక్క ఫోన్ కూడా రాలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఎలా ఉంది అని నేనే అడిగాను. ఏది ఎలా ఉంది అని అడిగి, గుర్తొచ్చాక, ఆ, బానే ఉందిరా అని అప్పాల పళ్ళెం నా వైపు జరిపారు.